ట్యాబ్ నొక్కితే తప్పా?



పద్యాలూ పలుకుబళ్ళూ విడిచిపెట్టి ఈ పంతులు లినక్సు సర్వర్ల జోలికి ఎందుకు వెళ్ళాడని మీలో కొందరికి అనుమానం రావచ్చు. నాకు కోపం వచ్చింది. నెల్లాళ్ళైనా చల్లారలేదు. వ్రాసి పడేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

నల్లగొండ జిల్లాలో నేను తెలుగు పండితుడిగా పనిచేసిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదవ తరగతి వరకు చదువుకున్న శిష్యుడొకడున్నాడు. తెలుగు మాధ్యమం. డిగ్రీ ముగించి, అమీర్‌పేటలో గది తీసుకుని, లినక్సు సర్వర్ల నిర్వహణ నేర్చుకున్నాడు. మాదాపూరులో ఒక సంస్థ ఇంటర్వ్యూకు పిలిచింది. సంస్థ పేరు మనకు అనవసరం. నల్లని తెర ఒకటి ముందు పెట్టి, ఫలానా సేవకు ఫైర్‌వాల్‌లో శాశ్వతంగా దారి ఇమ్మన్నారట. వీడి చేయి అలవాటుగా ట్యాబ్ మీట మీదికి పోయింది. "ట్యాబ్ కొట్టొద్దు, తెలిస్తే టైపు చెయ్యి" అన్నాడట ఎదుటి పెద్దమనిషి.

వీడు టైపు చేశాడు. ఫైర్‌వాల్-సీఎమ్‌డీ అనే ఆజ్ఞకు పర్మనెంట్ అనే ఆప్షను ఉంది. ఆ ఇంగ్లీషు మాటలో ఎమ్ తరువాత ఏ, ఎన్ తరువాత ఈ రావాలి. వీడు వాటిని తారుమారు చేశాడు. ఆజ్ఞ చెల్లలేదు. "స్పెల్లింగ్ రానోడివి సర్వర్లెట్ల ముట్టుకుంటవ్?" అని నవ్వి పంపేశారట.

"సార్, నాకు పని ఎర్కే. అది పెట్టకుంటే రీలోడ్ చేయంగనే రూల్ పోతది. అది ఒక్కటే పెడితే రీలోడ్ చేసేదాక పనే చెయ్యది. గది అడుగుతరనుకున్న" అన్నాడు నా ఎదుట కూర్చుని.

మిత్రులారా, సర్వరు నడపవలసిన మనిషికి కావలసిన విషయం వాడు చెప్పిన ఆ మూడు ముక్కలలో ఉంది. అక్షరక్రమం యంత్రానికి తెలుసు. రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగిలినదంతా తానే పూరిస్తుంది. యంత్రానికి వచ్చినది మనిషిని అడిగి, మనిషి మాత్రమే చెప్పగలిగినది అడగకుండా పంపించివేశారు.

నిజం చెప్పాలంటే ఆ పెద్దమనిషిని తలచుకున్నప్పుడల్లా నాకు నా మొహమే కనిపిస్తోంది. మూడు దశాబ్దాలకు పైగా నేను చేసినదేమిటి? డుమువులు ప్రథమా విభక్తి అంటూ పిల్లల చేత వల్లె వేయించాను. గడగడా అప్పజెప్పినవాడికి పది మార్కులు. "చెట్టు నుండి పండు పడింది, ఇందులో పంచమి ఏది?" అంటే దిక్కులు చూసిన పిల్లలు కూడా ఆ పదికి పది తెచ్చుకున్నవారే. ధారణ వేరు, బోధ వేరు అని తెలిసీ చేశాను, దిద్దడానికి సులువు కనుక. అందుచేత ఈ టపా సగం నా మీద నేను వ్రాసుకుంటున్నది.

ఒక మనవి. ఆజ్ఞల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే వ్రాస్తున్నాను. మీట నొక్కేటప్పుడు రోమను అక్షరాలే నొక్కుకోండి!

ఇక అసలు విషయం. వాక్యం వాక్యమనిపించుకోవాలంటే మూడు ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. "తెచ్చెను" అనగానే ఏమి తెచ్చెను, ఎవరు తెచ్చిరి అని చెవి ఎదురుచూస్తుంది. అది ఆకాంక్ష. "నిప్పుతో మొక్కలను తడిపెను" అన్నామనుకోండి. ఆకాంక్ష తీరింది, విభక్తులు సరిపోయాయి, కాని తడిపే పనికి నిప్పు తగదు. అది యోగ్యత లేకపోవడం. పదాలు ఒకదాని వెంట ఒకటి ఎడం లేకుండా రావడం సన్నిధి. ట్యాబ్ మీట నొక్కడమంటే యంత్రాన్ని "ఈ మాట తరువాత దేనికి ఆకాంక్ష ఉంది?" అని అడగడమే. మంచి పూరణ ఏదంటే ఆకాంక్షను మాత్రమే కాక యోగ్యతను కూడా చూసేది.

అలా చూసే పూరణలు లేకపోలేదు. సిస్టమ్‌సీటీఎల్ అనే ఆజ్ఞను తీసుకోండి. స్టార్ట్ అని వ్రాసి ట్యాబ్ నొక్కితే ఇంకా నడవని సేవలను చూపుతుంది. స్టాప్ అని నొక్కితే నడుస్తున్నవాటినే చూపుతుంది. నిలిచి ఉన్నదానిని నిలపమనడం యోగ్యం కాదని దానిని వ్రాసినవారు ఆలోచించారు. యూమౌంట్ తరువాత నొక్కితే తగిలించి ఉన్న డిస్కులే వస్తాయి. మాడ్‌ప్రోబ్‌కు తొలగింపు ఆప్షను ఇచ్చి నొక్కితే అప్పటికి కెర్నెల్‌లో ఉన్న మాడ్యూళ్ళే వస్తాయి. ఇవి వ్రాసినవారు నా దృష్టిలో వైయాకరణులు. ఎవరో ఏమిటో మనకు తెలియదు, వారు జీతానికి వ్రాశారో జీతం లేకుండా వ్రాశారో కూడా తెలియదు, కాని దండం పెట్టవలసినవారు.

తక్కినవి? నా ఇంట్లో జరిగిన కథ చెబుతాను. పాత పుస్తకాలు స్కాను చేసుకుందామని నా ఉబుంటు యంత్రంలో నన్ను స్కానరు సమూహంలో చేర్చుకోబోయాను. యూజర్‌మాడ్ అని వ్రాసి, పెద్ద జీ పెట్టి, ట్యాబ్ నొక్కాను. ఉన్న సమూహాలన్నీ బుద్ధిగా వరుసకట్టి నిలిచాయి. స్కానరును ఎన్నుకున్నాను, నా పేరు వ్రాశాను, ఎంటర్ నొక్కాను. ఏ గొడవా లేదు. మరునాడు ఏదో స్థాపించబోతే, నీవు సుడోయర్సు పట్టికలో లేవు పొమ్మంది నా యంత్రమే నన్ను. పెద్ద జీ ఒక్కటే పెడితే "ఈ సమూహంలో కూడా చేర్చు" అని కాదట అర్థం, "ఈ సమూహం తప్ప మరి దేనిలోనూ ఉంచకు" అని అట. చేర్చమనాలంటే ముందు చిన్న ఏ ఉండాలి. ఒక్క అక్షరం! "రాముడునూ వచ్చెను" అనడానికీ "రాముడే వచ్చెను" అనడానికీ ఉన్నంత తేడా. నా సొంత ఇంటి నుండి నన్ను నేను వెళ్ళగొట్టుకుని, ఆ శిష్యుడికే ఫోను చేసి, రికవరీ మోడులోకి వెళ్ళి, వాడు ఒక్కొక్క అక్షరం చెబుతుంటే కొట్టి బయటపడ్డాను. (గురువుకు శిష్యుడు అక్షరాభ్యాసం చేయించిన ఆ రోజు వాడు ఎంత ఆనందపడ్డాడో!)

నాది ఇంట్లో యంత్రం. ఇదే పొరపాటు గచ్చిబౌలిలో నలుగురి ఖాతాల మీద అర్ధరాత్రి జరిగితే తెల్లవారేసరికి ఎవరి ఉద్యోగం పోతుంది? ట్యాబ్ నొక్కిన పిల్లవాడిది. సమూహాల పేర్లన్నీ అంత చక్కగా చూపిన పూరణ, "చిన్న ఏ లేదు, పాతవి పోతాయి" అన్న ఒక్క ముక్క ఎందుకు చెప్పదు? డీడీ అనే ఆజ్ఞ అంతకంటె ఘోరం. దానికి ఐఎఫ్ అంటే చదవవలసినది, ఓఎఫ్ అంటే వ్రాయవలసినది. ఓఎఫ్ పక్కన డివైసుల దారి వ్రాసి ట్యాబ్ నొక్కితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కవల పిల్లలను నిలబెట్టినట్లు నిలబెడుతుంది. ఏది సర్వరు ప్రాణం, ఏది పెన్‌డ్రైవు? చెప్పదు. అది చెప్పడానికి వేరే ఆజ్ఞ ఉంది, ఎల్ఎస్‌బీఎల్‌కే. పరిమాణం, ఎక్కడ తగిలించి ఉందో అంతా చూపుతుంది. యంత్రానికి తెలిసిన సంగతే, అడిగిన చోట చెప్పదు, అంతే.

నన్ను ఎక్కువగా బాధించిన సంగతి, ఇది ఒకప్పుడు ఇలా ఉండేది కాదని తెలియడం. 1970ల తొలినాళ్ళలోనే అమెరికాలో బీబీఎన్ సంస్థవారు పీడీపీ-10 యంత్రానికి టెనెక్స్ అనే నిర్వహణ వ్యవస్థను తయారుచేశారు. దానికి వారసురాలు టాప్స్-20. ఆ కాలపు మీట ట్యాబ్ కాదు, ఎస్కేప్. సగం మాట వ్రాసి ఎస్కేప్ నొక్కితే మిగతా సగం పూరించేది. అంతటితో ఆగేది కాదు. నకలు తీసే ఆజ్ఞ వ్రాసి నొక్కితే పక్కనే కుండలీకరణాలలో "నుండి" అనే అర్థమిచ్చే మాట కనిపించేది. మొదటి పేరు వ్రాసి మళ్ళీ నొక్కితే "కు" అనే మాట కనిపించేది. ప్రశ్నార్థకం కొడితే ఆ చోట ఏమేమి వ్రాయవచ్చునో చెప్పేది. మిత్రులారా, అవి విభక్తి ప్రత్యయాలు కాక మరేమిటి! ఇంగ్లీషువాడు విభక్తులను పోగొట్టుకుని మాటల వరుసనే నమ్ముకున్నాడు గదా, ఆ యంత్రం వాటిని తిరిగి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. 1970ల చివరిలో కెన్ గ్రీర్ అనే ఆయన ఆ పూరణ విద్యను యూనిక్సు సీ-షెల్‌లోకి తెచ్చాడు. టీసీషెల్ పేరులోని టీ టెనెక్స్‌కు గుర్తు. పేర్లను పూరించే నేర్పు వచ్చింది. విభక్తులు మాత్రం దారిలోనే రాలిపోయాయి.

వాటి ఖరీదు ఆర్‌సింక్ వాడేవారిని అడగండి. మూలం ముందు, గమ్యం తరువాత. డిలీట్ ఆప్షనుతో సహా రెంటినీ తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును ఖాళీ చేస్తుంది. తెలుగులో "రావణుని రాముడు చంపెను" అన్నా, "రాముడు రావణుని చంపెను" అన్నా చచ్చేది రావణుడే. ఆర్‌సింక్‌లో అలా కాదు. పైగా ట్యాబ్ మీట ఇంకొక చిన్న చేష్ట చేస్తుంది. ఫోల్డరు పేరు పూరించినప్పుడల్లా చివర ఒక ఏటవాలు గీత తగిలిస్తుంది. చాలా ఆజ్ఞలకు ఆ గీత ఉన్నా లేకున్నా ఒకటే. ఆర్‌సింక్‌కు మూలం చివర గీత లేకపోతే ఫోల్డరు మొత్తాన్ని గమ్యంలో పెట్టమని, గీత ఉంటే అందులోని వస్తువులను మాత్రమే గమ్యంలో పరచమని. రెండవదానికి డిలీట్ కూడా తోడైతే గమ్యంలో అంతకుముందున్నవి తుడిచిపెట్టుకుపోతాయి. మనిషి వ్రాయని గీత, మీట వ్రాసిన గీత. అర్థాన్ని మార్చే వర్ణాన్ని నోరెత్తకుండా చేర్చడం ఏ వ్యాకరణంలో ఒప్పు?

బ్యాష్‌ను 1989లో బ్రయన్ ఫాక్సు వ్రాశాడు. 2000లో వచ్చిన 2.04వ రూపంతో ఏ ఆజ్ఞకు ఏ పూరణ కావాలో మనమే వ్రాసుకునే వీలు వచ్చింది. ఇక్కడ 1998లో తెరిచిన సైబర్ టవర్సుకు అప్పటికి రెండేళ్ళు. ఆ వీలును పట్టుకుని ఇయన్ మెక్‌డొనాల్డ్ బ్యాష్-కంప్లీషన్ అనే పూరణల సంపుటిని మొదలుపెట్టాడు. తరువాత ఎందరో చేతులు కలిపారు. ఇప్పుడు లినక్సు సర్వర్ల మీద ట్యాబ్ నొక్కేవారిలో అత్యధికులు ఆ సంపుటి ఉప్పు తిన్నవారే. కనిష్ఠ స్థాపన చేసిన సర్వరులో అది తరచు ఉండదు. దానిని చేర్చుకున్న తరువాత గాని అదెంత పని చేస్తోందో తెలియదు.

అయినా బ్యాష్ తన సొంతంగా చూపేది ఉత్త పేర్లను. అర్థం చెప్పని నిఘంటువు. జడ్‌షెల్ పేరు పక్కన వివరణ కూడా చూపగలదు. 2005లో వచ్చిన ఫిష్ ఇంకొక అడుగు ముందుకేసి, మాన్యువలు పుటలను తానే చదువుకుని, ఆప్షన్లనూ వాటి అర్థాలనూ ఏరి తెచ్చుకుంటుంది. బ్యాష్‌లో ఇది అసాధ్యమని కొందరు నాతో వాదించారు. క్యూబ్‌సీటీఎల్ వంటి కొత్త సాధనాలు కోబ్రా అనే లైబ్రరీ సాయంతో బ్యాష్‌లోనే వివరణలు చూపుతున్నాయి. కనుక అసాధ్యమనకండి, మాకు తీరిక లేదనండి, ఒప్పుకుంటాను.

ఎదుటి పక్షం వాదనలో సత్తా లేదని నేననను. సర్వరు కూలిపోయి రక్షణ డిస్కుతో లేపవలసి వచ్చినప్పుడు అక్కడ ఉండే చిన్న షెల్‌లో ఈ పూరణలేవీ ఉండవు. అప్పుడు తలలో ఉన్నదే దిక్కు. పూరణ కూడా ఒక ప్రోగ్రామే కనుక ట్యాబ్ నొక్కినంత మాత్రాన ఎక్కడో కొంత కోడు నడుస్తుంది. దూరపు సర్వరులో పేరు వెదకబోయి తెర బిగుసుకుపోవడం కూడా ఉంది. ఇవన్నీ నిజాలే. కాని ఇంటర్వ్యూలో నిషిద్ధాక్షరి ఆడించిన పెద్దమనిషి మనసులో ఉన్నది ఇది కాదు. ట్యాబ్ నొక్కేవాడు సోమరి అన్న చిన్నచూపు. అష్టావధానంలో అన్నిటికంటె ఎక్కువ చప్పట్లు దేనికి? సమస్యాపూరణానికి. పృచ్ఛకుడు తలా తోకా లేని పాదం ఇస్తే, మిగిలిన మూడు పాదాలతో దానికి యోగ్యత కల్పించడమే అక్కడి గొప్ప. పూరణను మనం వేదిక ఎక్కించి శాలువా కప్పాము. పూరణను సోమరితనమని చిన్నచూపు చూడడం మన సంప్రదాయం కాదు.

అందులోనూ ఈ చిన్నచూపు ఎవరి మీద పడుతోందో చూడండి. ఇంగ్లీషు ఇంట్లో వినని పిల్లల మీద. ఆజ్ఞల పేర్లు ఇంగ్లీషు మాటలలో నుండి అచ్చులు పీకేసి చేసినవి. కాన్వెంటులో చదివినవాడికి ఆ మాట ముందే తెలుసు కనుక ముక్క చూసి మొత్తం పోల్చుకుంటాడు. మా పల్లె పిల్లవాడికి అది మంత్రాక్షరం. వాడికి ట్యాబ్ మీట పక్కన కూర్చుని చెప్పే పెద్దవాడిలాంటిది. పేరుతో పాటు ఒక వాక్యం అర్థం కూడా చెబితే అది బడి. ఫిష్‌లోని వివరణలను వేరే భాషలలోకి అనువదించే ఏర్పాటు కూడా ఉంది. తెలుగులో ఒక వాక్యం ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. బ్లాగులు వ్రాయడానికి లేఖిని దొరికినప్పుడు మనం ఎంత మురిసిపోయామో మీకు గుర్తుండే ఉంటుంది.

తెలుగు మాట వచ్చింది కనుక ఒక పక్కదారి. మన అక్షరాలతో ఫైళ్ళకు పేర్లు పెట్టుకుంటే ఈ పూరణ ఏమి చేస్తుందో ఎప్పుడైనా చూశారా? నా దగ్గర "పద్యం" అని ఒకటి, "పద్మం" అని ఒకటి ఉన్నాయి. "ప" కొట్టి ట్యాబ్ నొక్కితే "పద్" దాకా వచ్చి ఆగిపోతుంది. దకారానికి పొల్లు తగిలించి, సంయుక్తాక్షరాన్ని నడిమికి నరికి, నా మొహం చూస్తుంది. యూనికోడులో దకారం, పొల్లు, యకారం వేరు వేరు సంకేతాలు కనుక యంత్రం దృష్టిలో తప్పేమీ లేదు. నా దృష్టిలో అక్షరం విరిగింది. ఐత్వం ఇంకా చిత్రం. దానిని ఒకే సంకేతంగా వ్రాయవచ్చు, రెండు ముక్కలుగానూ వ్రాయవచ్చు. రెండూ కంటికి ఒకటే. "కైలాసం" ఒక విధంగా పేరు పెట్టి మరొక విధంగా వెదికితే ఉన్న ఫైలును లేదంటుంది. పొల్లుతో ముగిసే మాటల మధ్య మనం వాడే కనిపించని విడదీత గుర్తు సరేసరి. కంటికి కనిపించనిది మీట ఎలా కొట్టాలి? ఇవి దిద్దవలసినవారు తెలుగు తెలిసినవారే. పరదేశం నుండి ఎవరో వచ్చి మన పొల్లు సంగతి చూసుకుంటారని కూర్చుంటే ఎన్నేళ్ళైనా కూర్చోవచ్చు.

సైబరాబాదు మీద నా ఫిర్యాదు కూడా అదే. కొండాపూరు నుండి నానక్‌రామ్‌గూడ దాకా ఆ అద్దాల మేడలలో రాత్రంతా ట్యాబ్ మీటలు టకటకలాడుతూనే ఉంటాయి. ఇతరులు ఉచితంగా వ్రాసిన పూరణలు అవి. ప్రతి సంస్థలోనూ సొంతంగా చేసుకున్న సాధనాలు పదో పాతికో ఉంటాయి. వాటికి పూరణ వ్రాసినవారెందరు? పెద్ద విద్యేమీ కాదు. కంప్లీట్ అనే ఆజ్ఞ, పెద్ద డబ్ల్యూ, కొటేషన్లలో నాలుగు మాటలు, చివర సాధనం పేరు. ఒక్క వాక్యంతో మొదటి మెట్టు అయిపోతుంది. యోగ్యతను చూసే పూరణ కావాలంటే మరి ముప్పై నలభై వాక్యాలు. అది కూడా చేయకుండా, కొత్తగా చేరినవాడు ఆప్షను మరచిపోయాడని పదిమందిలో నవ్వడానికి మాత్రం తీరిక ఉంటుంది. యూజర్‌మాడ్‌కు ఆ ఒక్క హెచ్చరిక వ్రాసి సంపుటికి పంపడం ఎన్ని గంటల పని? ఈ టపా చదివే మీలో సగం మంది ఆ మేడలలోనే ఉన్నారు. మీకు వచ్చు, నాకు రాదు.

శిష్యుడి సంగతి చెప్పలేదు. కొండాపూరులోనే ఒక చిన్న సంస్థలో రాత్రి విధులలో చేరాడు. మొదటి రాత్రి అక్కడి సొంత బ్యాకప్ సాధనం పేరు కొట్టి ట్యాబ్ నొక్కితే ఏమీ రాలేదట. "గంట మోగింది సార్, గంతే." అడిగితే, అందులోని ఆప్షన్లన్నీ తెలిసిన ఒకే ఒక్కాయన క్రిందటి ఏడాది వేరే చోటికి వెళ్ళిపోయాడన్నారట. వాడు ఆ సాధనం కోడు చదివి, ఆప్షన్లన్నీ ఏరి, పూరణ వ్రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఆప్షనుకు ఒక్కొక్క వాక్యం వివరణ తెలుగులో వ్రాసి నాకు పంపుతున్నాడు, దిద్దమని. ఇంగ్లీషు చేసే పని వాళ్ళ ఆఫీసులో ఇంకెవరో చూసుకుంటారట.

మొదటి విడతలో పదకొండు వచ్చాయి. పర్జ్ అనే ఆప్షనుకు "పర్జ్ చేయును" అని వ్రాశాడు. సున్నా వేసి, ఏది పోతుంది, తిరిగి వస్తుందా, ఆ రెండూ వ్రాయమని వెనక్కి పంపాను.